వదిన చెవి, పదకొండో మెషిన్

వర్క్‌షాపు, కటింగ్ టేబుల్ చివర
సోమవారం

వదినకు,

మేమంతా బాగున్నాం. మెషిన్లే బాగాలేవు. మీ మోకాలు ఎలా ఉంది? అడిగితే "ఉండాల్సిన చోటే ఉంది" అంటారని తెలుసు. అయినా అడగడం నా ధర్మం.

మీరు ఆపరేషన్‌కని మీ అమ్మాయి దగ్గరికి దేశం దాటి వెళ్ళి ఏడు వారాలైంది. డాక్టరు ఆరు నెలలు మెట్లు దిగొద్దన్న సంగతి ఇక్కడ పద్నాలుగు మెషిన్లకూ తెలిసిపోయినట్టుంది. ఇరవై రెండేళ్ళు మీ చేతికింద బుద్ధిగా ఉన్నవి ఒక్కొక్కటే అలకలు మొదలెట్టాయి. అందరికంటే పెద్ద అలక మన గయ్యాళిది, అదే పదకొండో నంబరుది. నెమ్మదిగా తొక్కితే చక్కగా కుడుతుంది. స్పీడు పెంచామా, నాలుగు కుట్లు వేసి ఒకటి ఎగ్గొడుతుంది. లోపల ఎక్కడో టకటకమని చప్పుడు. సూది మార్చాం, దారం మార్చాం, చివరికి కుట్టే మనిషిని కూడా మార్చాం. దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

అసలు సంగతి ఇది. ఆస్పత్రి గౌన్ల ఆర్డరు మనకే వచ్చేలా ఉంది. కానీ మూడు నెలల్లోగా మెకానిక్ ఎవరో కాగితం మీద రాసివ్వాలట. మెషిన్లు అమ్మిన కంపెనీ వాళ్ళు ఆ ముక్క ఎలా పసిగట్టారో, ఏడాది ఒప్పందం పట్టుకుని వచ్చేశారు. సంతకం పెడితే ఇక ఇంకెవరూ మూత కూడా తియ్యకూడదు. అంటే మీరు తిరిగొచ్చినా మీకిక్కడ పని ఉండదు.

మీ తమ్ముడు కత్తెర పక్కన పెట్టి, "అక్క అంత దూరంలో కూర్చుని ఏం చేస్తుంది?" అన్నారు. "వదిన ఏ రోజైనా ముందు మెషిన్ విప్పిందా? గుమ్మంలో నిలబడి, చెవొగ్గి, ఆ తర్వాతేగా స్క్రూడ్రైవరు తీసేది?" అన్నాను. ఆయన మళ్ళీ కత్తెర అందుకున్నారు. అప్పుడే నాకు ఐడియా వచ్చింది. కంప్యూటర్లో ఇంటర్నెట్ ఫోన్ పెడదాం. మీరు అక్కడ చెవొగ్గండి, ఇక్కడ మేం విప్పుతాం. మామూలు ఫోన్ అయితే "ఎలా ఉన్నావ్" దగ్గరే కార్డులో డబ్బు అయిపోతోంది. ఇందులో ఎంతసేపు మాట్లాడినా అడిగేవాడు లేడు.

సరేనంటే రేపే సామాను కొంటాను.

మీ మరదలు


మూడో అంతస్తు, కిటికీ పక్కన
బుధవారం

మరదలుపిల్లా,

సరే అంటున్నాను. వంద సార్లు సరే. ఇక్కడ నా ఉద్యోగం ఏమిటో తెలుసా? కాలు స్టూలు మీద పెట్టుకుని, కింద రోడ్డు మీద ఎన్ని బస్సులు వెళ్ళాయో చూడటం. మా అమ్మాయి పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ "అమ్మా, కదలకు" అంటుంది, సాయంత్రం వచ్చి "అమ్మా, కదిలావా" అంటుంది. మొన్న ఏం తోచక ఫ్రిజ్జు చప్పుడు విని, రబ్బరు దిమ్మ అరిగిందని చెప్పాను. తీసి చూస్తే నిజమే. ఇల్లంతా నోరు వెళ్ళబెట్టింది.

నువ్వన్నది అక్షరాలా నిజం. ఈ పనిలో సగం చేతిది, సగం చెవిది. నాకు పని నేర్పినాయన మెషిన్ మీద గుడ్డ కప్పి, చప్పుడు విని చెప్పమనేవాడు. తప్పు చెబితే ఆ రోజంతా నూనె వేసే పని. మొదటి ఏడాది నా చేతులు నూనెలోనే ఉన్నాయి.

మా అమ్మాయి నాకూ ఒక హెడ్‌ఫోన్ కొంది. చెవులకు రెండు గిన్నెలు, నోటి ముందు ఒక పుల్ల. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే విమానం నడపబోతున్నదానిలా ఉన్నాను. ఇక నీదే ఆలస్యం.

మా తమ్ముడికి చెప్పు, అక్క ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉందని. కంపెనీ కాగితాన్ని అప్పుడే ఇస్త్రీ చెయ్యొద్దను.

మీ వదిన


వర్క్‌షాపు, ఇంకా అదే టేబుల్
శుక్రవారం

వదినకు,

సామాను కొన్నాను, బిగించాను, తల ప్రాణం తోకకొచ్చింది. వరసగా చెప్తాను, మీరు నవ్వండి.

హెడ్‌ఫోన్‌కి రెండు తోకలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి గులాబీ. కంప్యూటర్ వెనకాల కూడా రెండు చిల్లులు, అవే రంగులు. చిన్నపిల్లలు కూడా పెట్టగలరు. అందుకే మీ తమ్ముడు పెట్టారు. గంటసేపు అందరం వంతులవారీగా "హలో" అని అరిచాం, అటునుంచి మీ అమ్మాయి అసలేమీ వినపడటం లేదని టైప్ చేస్తూనే ఉంది. చూస్తే తోకలు అటుదిటు, ఇటుదటు. "వెనకాల చీకటిగా ఉంది" అన్నారు మహానుభావుడు. చీకట్లో నల్లగుడ్డకి నల్లదారం ఎక్కించే మనిషి!

తర్వాత, అందరూ వినాలని స్పీకర్లు పెట్టాం. మైకు స్పీకర్ పక్కనే ఉందేమో, ఒక్కసారిగా కూ... మని కేక. కాజాలు కుట్టే మన కాజాలక్క బాయిలరు పేలిందనుకుని కుడుతున్న గుడ్డ చేతిలో పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. మనకు బాయిలరే లేదని చెప్పి లోపలికి తీసుకురావడానికి పావుగంట పట్టింది.

ఇక లాభం లేదని హెడ్‌ఫోన్ అమ్మిన కంప్యూటర్ షాపాయన్నే పిలిచాను. ఆయన స్పీకర్లు దూరం జరిపి, ఒక పేజీ తెరిచి, "ఏమేం కావాలమ్మా?" అన్నాడు. వరసగా గళ్ళు. మాట స్పష్టంగా రావాలా, ప్రతిధ్వని తీసెయ్యాలా, చుట్టుపక్కల రొద తీసెయ్యాలా. అన్నిటికీ టిక్కు పెట్టించాను. ఊరికే ఇస్తుంటే వదులుకోవడం ఎందుకు? ఇప్పుడు మీ అమ్మాయి గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వస్తోంది.

మైకు పుల్లని గయ్యాళి మెడకి సెల్లోటేపుతో అంటించాను. వచ్చే గురువారం మీ టైము పదకొండింటికి మెషిన్ తొక్కిస్తాను, మీరు వినండి. ఒక్కటే బాధ. కంప్యూటర్లో ఏం మాట్లాడినా పద్నాలుగు మంది వింటారు. కాబట్టి మన కబుర్లు మాత్రం ఉత్తరాల్లోనే.

మీ మరదలు


మూడో అంతస్తు
గురువారం మధ్యాహ్నం

మరదలుకి,

విన్నాను. బెల్టు వదులైంది. మార్చండి.

ఫోన్‌లోనే చెప్పొచ్చు కానీ, నిదానంగా ఆలోచించి చెబుదామనుకున్నాను. మీ అందరి గొంతులూ బాగా వినిపించాయి. కాజాలక్క వెనకాల ఎవరితోనో నా మోకాలి గురించి చెప్పింది కూడా వినిపించింది.

వదిన


వర్క్‌షాపు
మంగళవారం

వదినకు,

మీ ఉత్తరం ఇంత చిన్నదా అని కవరు తిరగేసి దులిపాను, ఇంకో కాగితం ఉందేమోనని. కాలు నొప్పిగా ఉందా?

బెల్టు మార్చాం. పాతది నిజంగానే కాస్త వదులే. కానీ గయ్యాళి మాత్రం గయ్యాళిగానే ఉంది. నాలుగు కుట్లు, ఒక ఎగవేత. అదే టకటక.

నిన్న రెండోసారి కలిపినప్పుడు మీరు మూడుసార్లు తొక్కించారు. మూడోసారి ఫుల్ స్పీడులో టేబులు ఊగిపోతుంటే "ఇప్పుడు నడుస్తోందా?" అన్నారు చూడండి, అందరం పడీపడీ నవ్వాం. అంత దూరం నుంచి కూడా తమ్ముడిని ఆట పట్టించడం మానలేదు వదిన అనుకున్నాం. ఆయన కూడా నవ్వారు, చాలా రోజుల తర్వాత.

ఇంకేం చూడమంటారో చెప్పండి. కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చి వెళ్ళారు.

మీ మరదలు


మూడో అంతస్తు
ఆదివారం

మరదలుకి,

కింద దారాన్ని అందుకునే షటిల్ అరిగి ఉంటుంది. ఆ మోడల్లో అంతే, ఆరేడేళ్ళకి అరుగుతుంది. కొత్తది వెయ్యండి.

కాలు బాగానే ఉంది. రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

వదిన


వర్క్‌షాపు, అందరూ వెళ్ళాక
శనివారం

వదినకు,

కొత్త షటిల్ వేశాం. లాభం లేదు. కంపెనీ మెకానిక్ అదే టైముకి వచ్చి, మేం తీసిన పాత షటిల్ని గోరుతో గీకి చూసి, "ఇది ఇంకో అయిదేళ్ళు నడిచేదమ్మా" అని నవ్వాడు. వాడు నవ్వినందుకు కాదు, వాడి ముందు మీ తమ్ముడు తలొంచుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక పెద్ద గొడవ పడ్డాం. "అక్కకి వయసైంది, ఊరికే ఇబ్బంది పెట్టకు" అన్నారు. "మీ అక్క మీద నాకున్న నమ్మకం మీకు లేదు" అన్నాను. అనకూడని మాటే. కానీ అనేశాను, ఆయన భోజనం చెయ్యలేదు. ఒప్పందం కాగితం ఇప్పుడు కటింగ్ టేబుల్ సొరుగులో ఉంది. గౌన్ల వాళ్ళకు మాటివ్వాల్సిన గడువు ఇంకా అయిదు వారాలు. ఆర్డరు పోతే పద్నాలుగు మందిలో సగంమందిని ఇంటికి పంపాలి. ఆయన భయం అదీ. తప్పని ఎలా అనను?

వదినా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు ఇన్నేళ్ళలో ఏనాడూ "ఉంటుంది" అనలేదు. "షటిల్ అరిగింది" అనేవారు, "అరిగి ఉంటుంది" అనేవారు కాదు. మీ ఉత్తరాలు కూడా మీలా లేవు.

మీకు నిజంగా వినిపిస్తోందా?

మీ మరదలు


మూడో అంతస్తు, కిటికీ మూసి
గురువారం

అమ్మాయ్,

లేదు.

ఏమీ వినిపించలేదు. మొదటి రోజు కూడా. మీ గొంతులన్నీ వినిపించాయి, కాజాలక్క దగ్గు వినిపించింది, మా తమ్ముడు కుర్చీ జరిపింది వినిపించింది. నువ్వు "తొక్కుతున్నాం వదినా" అన్నావు. బుస్సుమని ఒక్క క్షణం ఏదో వచ్చి పోయింది. ఆ తర్వాత నిశ్శబ్దం. నేను హెడ్‌ఫోన్ని చెవులకి నొక్కి పట్టుకుని కూర్చున్నాను. నువ్వు "వినిపించిందా?" అన్నావు. పద్నాలుగు మంది వింటున్నారు. వినిపించిందన్నాను.

బెల్టు ఊహించి చెప్పాను. షటిల్ కూడా ఊహే. ఆటపట్టించడానికి కాదే, నిజంగానే అడిగాను నడుస్తోందా అని. మీరంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఏడాది కిందట చెవుల డాక్టరు చెప్పాడు, ముప్పై ఏళ్ళు మెషిన్ల మధ్య ఉన్నారు, సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయి, మాటలు చివర పోతాయి అని. ఎవరికీ చెప్పలేదు. ఇదే అది. మాటలు వినిపిస్తున్నాయి, మెషిన్ వినిపించడం లేదు. మొన్న కనిపెట్టేసిన మా అమ్మాయి పట్టుబట్టి చెవుల పరీక్షకి టైము తీసుకుంది కానీ, పరీక్షలో కొత్తగా తెలిసేదేముంది?

నాకు సిగ్గుగా ఉంది. వినపడనందుకు కాదు. వినపడిందని చెప్పి, మీ చేత మంచి షటిల్ పారేయించినందుకు. ఆ కంపెనీ కుర్రాడు నవ్వాల్సింది నన్ను చూసి, నా తమ్ముడిని చూసి కాదు.

కాగితం మీద సంతకం పెట్టించు. తమ్ముడు ముందే చెప్పాడు, నేనే వినలేదు. నువ్వు వెళ్ళి వాడికి అన్నం పెట్టు. నా మీద నమ్మకం ఉందన్నావు చూడు, ఆ ఒక్కమాట నాకు చాలు. ఏడవకు. నేను ఏడ్చేశాను, మనిద్దరికీ సరిపోతుంది.

వదిన


వర్క్‌షాపు
సోమవారం

వదినకు,

కూర్చుని చదవండి. నిలబడి చదివితే ఆ మోకాలి మీద గెంతుతారు.

మీ ఉత్తరం ఒకరోజంతా మళ్ళీ మళ్ళీ చదివాను. రెండో రోజు నాకు మీ మీద కాదు, ఆ కంప్యూటర్ మీద కోపం వచ్చింది. మీరే కదా నేర్పారు, దారం తెగితే దారాన్ని తిట్టే ముందు అది నడిచే దారంతా వేలు పెట్టి చూడమని. మీ చెవి దాకా వచ్చే దారంతా నేను చూడనే లేదు.

సరే, షాపాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, మన వర్క్‌షాపుకే ఫోన్ చేశాను. మీ తమ్ముడు ఎత్తారు. "గయ్యాళిని తొక్కించండి" అన్నాను. "తొక్కిస్తూనే ఉన్నాను" అన్నారు. నాకేమీ వినపడలేదు. "ఫుల్ స్పీడులో" అన్నాను. "ఇంతకంటే స్పీడుగా తొక్కితే ఎగిరిపోతుందే!" అని అరిచారు. ఆయన అరుపు సుబ్బరంగా వినిపించింది. మెషిన్ చప్పుడు, చుక్క కూడా లేదు!

వదినా, నా చెవులకు ముప్పై ఆరేళ్ళు. పక్కింటి వాళ్ళ గుసగుసలు కూడా వదలవు, మీకు తెలుసు కదా.

షాపాయనకి హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. ఆయన గర్వంగా, "అదేనమ్మా దీని గొప్ప! ఫ్యాను తిరిగినా, మోటారు తిరిగినా, ఆగకుండా వచ్చే మోత ఏదైనా సరే దులిపేసి మాట ఒక్కటే పంపిస్తుంది. మీరే కదా రొద వద్దని టిక్కు పెట్టించారు?" అన్నాడు.

నేనే. నేనే పెట్టించాను. కాస్త నాగరికంగా మాట్లాడుకుందామని రొద వద్దన్నాను. మనకి కావాల్సిందే ఆ రొద! ఆ మహాతల్లి కంప్యూటర్ మన గయ్యాళిని ఫ్యాను అనుకుని వారాల తరబడి తుడిచి అవతల పారేసింది. మీరు అక్కడ కూర్చుని, లేని జబ్బుకి ఏడ్చారు. నా చెంప నేనే వాయించుకోవాలి.

మీ తమ్ముడికి చెప్పి వర్క్‌షాపు కంప్యూటర్లో ఆ టిక్కు తీయించాం. మళ్ళీ చేశాను. బాబోయ్, వదినా! పద్నాలుగు మెషిన్లూ ఒక్కసారిగా చెవిలో పడ్డాయి. షాపాయన కుర్చీలోంచి లేచాడు. నేను మాత్రం అక్కడే కూర్చుని ముక్కు చీదుకుంటూ నవ్వాను. నాకైతే టకటక వినిపించింది కానీ అదేమిటో అర్థం కాలేదు. నాకు అర్థం కాదు, ఆ పని మీది.

మీ తమ్ముడికి అంతా చెప్పాను, మీరు రాసిన మాటలతో సహా. చెప్పొద్దని మీరు అనలేదు కాబట్టి చెప్పాను. ఆయన మీ ఉత్తరం రెండుసార్లు చదివి, "వచ్చే గురువారం దాకా సొరుగు ఎవరూ తెరవొద్దు" అన్నారు.

గురువారం పదకొండింటికి కూర్చోండి. ఈసారి వినపడకపోతే వినపడలేదనే చెప్పండి. పద్నాలుగు మంది విన్నా సరే.

మీ మరదలు


మూడో అంతస్తు, కిటికీ తెరిచి
గురువారం, ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి

మరదలుపిల్లా,

ఇందాకే మాట్లాడుకున్నాం, అయినా రాస్తున్నాను. పద్నాలుగు మంది ముందు చెప్పలేనివి కొన్ని ఉన్నాయి.

మీరు తొక్కగానే నేను మాట్లాడలేదు. లైను పోయిందనుకుని "వదినా, వదినా" అని అరిచావు. లైను పోలేదే. ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను. ఏడు వారాల తర్వాత ఇంకో రెండు నెలలు, మొత్తం ఎన్ని రోజులో నాకే తెలియదు, ఈ చెవులు బస్సులు తప్ప ఏమీ వినలేదు. నేను "ఆపకండి, అలాగే తొక్కండి" అన్నది మెషిన్ కోసం కాదు, నాకోసం. మా అమ్మాయి పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చి "ఏమైందమ్మా, కాలా?" అంది. చెయ్యి ఊపి పొమ్మన్నాను.

గయ్యాళి సంగతి నీ కళ్ళతో నువ్వే చూశావు. సూది కడ్డీని పట్టుకునే స్క్రూ సగం వదులైంది, అంతే. స్పీడు పెరిగితే కడ్డీ జారుతుంది, సూది దారాన్ని అందించాల్సిన చోట అందించదు, కుట్టు ఎగిరిపోతుంది. మా తమ్ముడు సూది పైనున్న మూత విప్పి, "అక్కా, ఉంది, వదులుగానే ఉంది" అన్నాడు చూడు, ఆ గొంతు నాకు చిన్నప్పటి గొంతులా వినిపించింది. స్క్రూ బిగించాక మీరంతా చప్పట్లు కొట్టారు. వాడి వైపు నుంచి సొరుగు తెరిచిన చప్పుడు, కాగితం చించిన చప్పుడు వచ్చాయి. రొద ఉంచుకుంటే ఎన్ని లాభాలో చూశావా?

చెవుల పరీక్ష నిన్న అయింది. నిజం చెప్తాను, ఇకమీద నిజమే చెప్తాను. ఎడమ చెవిలో సన్నటి చప్పుళ్ళు కొన్ని పోయాయి. తిరిగి రావట. కుడి చెవి పదిలంగా ఉంది, కాపాడుకోమన్నాడు. మెషిన్ల మధ్య దూది పెట్టుకుంటే సరిపోదట, సరైన చెవి మూతలు వాడాలట. నువ్వూ, ఆ పద్నాలుగు మందీ కూడా వాడాలి. ఇది మెకానిక్ ఆర్డరు. ఆస్పత్రి వాళ్ళ కాగితంలో నా పేరు రాసేటప్పుడు చెవి సంగతి కూడా రాయమను. దాచిపెట్టుకుని పని తెచ్చుకోవడం నావల్ల కాదు.

ఇంకొకటి, ఆ చప్పట్లలో చెప్పడం కుదరలేదు. మా తమ్ముడు గయ్యాళిని విప్పుతున్నప్పుడు, అది ఆగి ఉంది కదా, వెనకాల ఆరో నంబరు నడుస్తోంది. దాని గురించి మీరెవరూ నాకేమీ చెప్పలేదు. బహుశా ఎవరికీ తెలియదు, కుట్టు బాగానే పడుతూ ఉంటుంది. కానీ మోటారు వైపు బేరింగు సన్నగా గీపెడుతోంది. ఈ నెలలో మార్చకపోతే గౌన్ల ఆర్డరు మధ్యలో పట్టేస్తుంది. ఈ ఉత్తరం అందిన రోజే విప్పించు.

ఊహించి చెప్పడం లేదు. విని చెప్తున్నాను.

మీ వదిన